ఆపరేషనుకు ముందున్న వారములు

మన సంఘములలో ఎవరికైనను కాన్సరు ఉన్నదని, అనగా మన పెద్దలు రాచపుండు అని పిలిచిన ఆ వ్యాధి ఉన్నదని పెద్దాసుపత్రిలో తేల్చి చెప్పినప్పుడు సాధారణముగా జరుగునది అందరికిని తెలిసినదే. పరీక్షలన్నియు అయిన తరువాత డాక్టరుగారు ఆపరేషనుకు ఒక తారీఖు చెప్పుదురు. అది మూడు వారములకో నాలుగు వారములకో ఉండును. రోగి ఇంటికి వచ్చును. ఆ దినముననే వసారాలో మంచము వేయుదురు. కొడుకు చేతిలోని పని తీసికొనును. కోడలు బిందె ముట్టనియ్యదు. చుట్టములు వచ్చి, కదలవద్దు, పడుకొని బలము దాచుకొమ్మని చెప్పి పోవుదురు. సంఘము కూడి ప్రార్థించును. ఈ విధముగా ఆ వారములు గడచిపోవును. రోగి మంచము మీదనుండి లేచి తిన్నగా ఆపరేషను బల్లమీదికి పోవును.

ఇందులో ప్రేమ లేదని ఎవరనగలరు? ఉన్నదంతయు ప్రేమయే. అయితే ప్రేమతో చేసినదంతయు మేలు చేయునా అనునది మేము ఈ నెల చదువరుల యెదుట ఉంచగోరు ప్రశ్న. ఆ వారములు ఊరక కనిపెట్టుకొని యుండుటకు మాత్రమేనా, లేక సిద్ధపడుటకు కూడనా? సిద్ధపడుట రోగి చేయవలసిన పని యైనయెడల, అది దేవునియందలి నమ్మికకు విరోధమా? సిద్ధపడలేని వానినిగూర్చి మనమేమందుము? ఇవి వైద్యులకు మాత్రమే విడిచిపెట్టదగిన ప్రశ్నలు కావు. మన మనస్సాక్షికిని, మన సంఘ ధర్మమునకును సంబంధించినవి.

మంచము చేయు పని

మొదట మంచము సంగతి చూతము. 1966వ సంవత్సరమున అమెరికాలోని డల్లాస్ పట్టణమందు, ఇరువది యేండ్ల ప్రాయముగల ఆరోగ్యవంతులైన 5గురు యువకులను వైద్యులు 3 వారములపాటు మంచముమీదనే ఉంచి పరిశీలించిరి. వారికి రోగము లేదు, గాయము లేదు. అయినను ఆ 3 వారములకే, కష్టపడి పనిచేయునప్పుడు దేహము ప్రాణవాయువును వాడుకొను శక్తి వారిలో నాలుగవ వంతుకు పైగా తగ్గిపోయెను. 30 ఏండ్లు గడచిన తరువాత ఆ ఐదుగురినే మరల పరీక్షించిరి. 30 ఏండ్ల వయస్సు వారి శక్తిని తగ్గించినదానికంటె ఆనాటి 3 వారముల మంచమే ఎక్కువగా తగ్గించెనని తేలినది. యువకులకే అట్లయినయెడల, అరువది యేండ్లు దాటి, ఆకలి మందగించి, రక్తము తగ్గియున్న వారి సంగతి చెప్పనేల? మంచముమీద బలము దాచుకొందుమని మన తలంపు. బలము దాచుకొనుటకు మంచము గాదె కాదు. అక్కడ ఉంచినది దినదినమును తరిగిపోవును.

ఆపరేషను అనగా నిద్రపుచ్చి కోసి కుట్టుట మాత్రమేయని మనమనుకొందుము. దేహమునకైతే అది ఎత్తైన కొండ ఎక్కుట వంటిది. గాయము మానుటకును, సూక్ష్మక్రిములతో పోరాడుటకును ఆ తరువాతి దినములలో దేహము మామూలుకంటె ఎక్కువ ప్రాణవాయువును కోరును. గుండెయు ఊపిరితిత్తులును అందుకు తగినట్టు పనిచేయవలెను. సరిగా తినలేని ఆ దినములలో దేహము తన కండనే కరగించి గాయమునకు కావలసిన మాంసకృత్తులను తెచ్చుకొనును. కండ లేనివాడు అప్పు తీర్చుటకు విత్తనపు గింజలు అమ్ముకొను రైతువంటివాడు. గట్టిగా దగ్గలేనివానికి కఫము నిలిచి నిమోనియా రావచ్చును. కదలక పడియున్నవానికి కాళ్లలో రక్తము గడ్డకట్టవచ్చును. కాబట్టి కొండ ఎక్కబోవువానిని నెల దినములు పడుకోబెట్టి పంపుట మేలా అని అడుగవలసియున్నది.

మాంట్రియాలు పట్టణపు పరిశోధనలు

ఈ ప్రశ్నను శ్రద్ధగా అడిగినవారిలో కెనడా దేశమందు మాంట్రియాలు పట్టణములోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ వైద్యులు ముఖ్యులు. మత్తుమందిచ్చు వైద్యులైన ఫ్రాన్సెస్కో కార్లీగారు వారిలో ఒకరు. ఆపరేషను అయిన తరువాత రోగిని నడిపించుట పాత పద్ధతియే. ఆపరేషనుకు ముందే ఏల ప్రారంభింపరాదని వారు ఆలోచించిరి.

2010లో వారు ప్రచురించిన ఒక పరిశోధనలో, పెద్దప్రేగు ఆపరేషనుకు కనిపెట్టుకొనియున్న 112 మందిని రెండు వర్గములుగా చేసిరి. ఒక వర్గమునకు నిలిచియుండు సైకిలు త్రొక్కుట, బరువులెత్తుట మొదలైన కష్టమైన సాధన ఇచ్చిరి. రెండవ వర్గమునకు దినదినము నడచుట, లోతుగా శ్వాస తీసికొనుట మాత్రమే చెప్పిరి. మొదటి వర్గమే బాగుపడునని తలంచిరి గాని, నడిచినవారే ఎక్కువగా మెరుగుపడిరి. ఏలయనగా కష్టమైన సాధనను చెప్పినట్టు చేయగలిగినవారు కొద్దిమందియే. చేయలేని గొప్ప పనికంటె చేయగల చిన్న పని మేలని ఇందువలన తెలిసికొనవచ్చును.

2014లో ప్రచురించిన మరియొక పరిశోధనలో, పెద్దప్రేగు కాన్సరు గల 77 మందిలో ఒక వర్గము ఆపరేషనుకు సుమారు 4 వారములు ముందుగా ఇంటివద్దనే సాధన మొదలుపెట్టిరి. రెండవ వర్గము అదే సాధనను ఆపరేషను తరువాత మొదలుపెట్టిరి. సాధన యనగా వారమునకు 3 దినములు వేగముగా నడచుటవంటి వ్యాయామమును కండలకు బలమిచ్చు వ్యాయామమును, దానితోకూడ మాంసకృత్తులు గల ఆహారము, భయము తీరుటకు మనస్సును నెమ్మదిపరచు అభ్యాసము. ఆపరేషను అయిన 8 వారములకు, 6 నిమిషములలో ఎంత దూరము నడువగలరో కొలిచి చూచిరి. ముందుగా సిద్ధపడినవారిలో నూటికి 84 మంది తమ మునుపటి బలమునకు, లేక అంతకు మించిన బలమునకు చేరియుండిరి. తరువాత మొదలుపెట్టినవారిలో నూటికి 62 మంది మాత్రమే చేరిరి.

2023లో వెలువడిన మరింత పెద్ద పరిశోధన కలదు. అందులో పెద్దప్రేగు కాన్సరు గల 251 మంది ఉండిరి. 4 వారములు సిద్ధపడినవారిలో ఆపరేషను తరువాత తీవ్రమైన చిక్కులు కలిగినవారు నూటికి ఇంచుమించు 17 మంది. అట్లు సిద్ధపడనివారిలో నూటికి ఇంచుమించు 30 మంది.

నిజము చెప్పునప్పుడు సగము చెప్పి ఊరకుండరాదు. పైని చెప్పిన 2014 పరిశోధనలో నడక బలము పెరిగెను గాని, ఆపరేషను చిక్కులు తగ్గినట్టు కనబడలేదు. 2020లో అదే మాంట్రియాలు వైద్యులు మిక్కిలి బలహీనులైన 110 మందిని పరీక్షించినప్పుడును, ముందుగా సిద్ధపరచుటవలన 30 దినములలోని చిక్కులు తగ్గలేదు. కాబట్టి సాధన అనేకులకు మేలుచేయు సాధనమే గాని, తప్పని రక్షణ కాదు. అది కాన్సరును మాన్పు మందును కాదు. ఈ మాట మనస్సునందుంచుకొని ముందుకు పోదము.

ఇది నమ్మిక లేమియా?

నేను దేవుని చేతిలో ఉన్నాను, నడచి నన్ను నేను రక్షించుకొందునా అని భక్తిగల రోగి అడుగవచ్చును. ఆ ప్రశ్నను మేము చిన్నచూపు చూడము. అయితే మన రైతును చూడుడి. వాన అతని చేతిలో లేదు. వానకొరకు అతడు ప్రార్థించును. అట్లని దుక్కి మానుకొనునా? దున్నని పొలములో వాన కురిసిన యెడల కలుపే పెరుగును. దుక్కి దున్నుట వానను నమ్మకపోవుట కాదు. వాన వచ్చునని నమ్మినవాడే దున్నును.

ఏలీయా చరిత్రను తలంచుకొనుడి. అతడు ఎడారిలో బదరీవృక్షము క్రింద కూలబడి, ఇక చాలునని, ప్రాణము తీసికొమ్మని దేవుని వేడుకొనెను. దేవుడు అతని భుజములమీద ఎత్తి హోరేబుకు చేర్చలేదు. మొదట అతని నిద్రపోనిచ్చెను. దేవదూత వచ్చి తట్టి లేపి, కాల్చిన రొట్టెయు నీళ్లును చూపెను. అతడు తిని మరల పండుకొనగా, రెండవమారు లేపి తినిపించెను. ముందున్న ప్రయాణము అతని శక్తికి మించినదని దూతకు తెలియును. ఆ తరువాత నలువది దినములు నడచినది ఏలీయా కాళ్లే. ఇక్కడ నిద్ర ఉన్నది, ఆహారము ఉన్నది, క్రుంగిన మనస్సునకు తోడు ఉన్నది, తరువాత నడక ఉన్నది. దైవశక్తి ఈ సామాన్యమైనవాటిని ప్రక్కకు నెట్టి రాలేదు, వీటి ద్వారానే వచ్చెను. మాంట్రియాలు వైద్యులు రోగికి ఇచ్చినదియు ఇంచుమించు ఇదియేగదా!

శరీర సాధన భక్తితో సరితూగదని పౌలు తిమోతికి వ్రాసినమాట నిజమే. అయినను దానికి ప్రయోజనమే లేదని ఆయన వ్రాయలేదు. కొంత ఉన్నదని ఒప్పుకొనెను. ఆ కొంత ఒక తల్లిని తన పిల్లలయొద్దకు తిరిగి పంపునదైనయెడల, దానిని త్రోసివేయుటకు మనమెవరము?

ఇది కఠినత్వమా?

రోగముతోను భయముతోను ఉన్నవానిని లేచి నడువుమనుట దయయా అని మరికొందరు అడుగుదురు. పో, నడువుము అని మంచముప్రక్కన నిలిచి చెప్పుట కఠినత్వమే. రమ్ము, కలిసి నడచుదము అనుట వేరు. సాయంకాలము చల్లబడిన తరువాత చెరువుగట్టు మీద రోగితో కూడ నడచు పొరుగువాడు, కంచమునిండ అరటిపండ్లు తెచ్చి కన్నీళ్లు పెట్టుకొని పోవు చుట్టముకంటె ఎక్కువ మేలు చేయుచున్నాడు.

మరియొకటి ఆలోచింపుడి. రోగము వచ్చినప్పుడు మనిషి చేతిలోనుండి ఒక్కొక్కటి జారిపోవును. పరీక్షలు ఇతరులు చేయుదురు. తారీఖు ఇతరులు నిర్ణయింతురు. కత్తి ఇతరుల చేతిలో ఉండును. ఇంటిలో మనము కూడ చెంబెడు నీళ్లు ముంచుకొననియ్యనియెడల అతనికి మిగిలినదేమి? ఈ దినము నిన్నటికంటె నాలుగు అడుగులు ఎక్కువ నడచితినని చెప్పగలిగినవాడు కత్తికొరకు కనిపెట్టుకొనియున్న దేహము మాత్రమే కాడు, మనిషి. మోయలేని బరువును పంచుకొనుట ప్రేమ. మోయగలిగినదానిని కూడ లాగుకొనుట ప్రేమవలె కనబడును గాని, ఒక్కొక్కప్పుడు అది మన భయమునకు మనము చేసికొను ఉపశమనము.

నింద ఎవరిమీద?

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక. సిద్ధపడుట మేలని ఒకసారి ఊరిలో తెలిసిన తరువాత, ఆపరేషను సరిగా జరుగనివానినిగూర్చి, చెప్పితే వినలేదు, నడువలేదు, అందుకే ఇట్లయినదని పలుకు నోళ్లు బయలుదేరును. యోబు స్నేహితులు చేసినది ఇదియే. మొదటి 7 దినములు ఊరక కూర్చున్నంతవరకు వారు మంచి స్నేహితులు. నోరు తెరచి కారణము చెప్పనారంభించిన తరువాత వారు బాధకులైరి.

పైని చెప్పిన లెక్కలే ఆ నోళ్లను మూయును. సిద్ధపడిన నూరుమందిలో కూడ 17 మందికి చిక్కులు వచ్చినవి. సిద్ధపడని నూరుమందిలో 70 మందికి రాలేదు. కాబట్టి ఒకనికి కలిగిన ఫలితమును చూచి, వాడు నడిచెనో లేదో, శ్రద్ధగలవాడో సోమరియో అని చెప్పుట ఎవరికిని సాధ్యము కాదు. ఆపరేషనుకు ముందు చెప్పవలసిన మంచి మాట ఆపరేషను తరువాత రాయియై తగులరాదు. మునుపు చెప్పినది సలహా. తరువాత చెప్పినది తీర్పు. తీర్పు మన పని కాదు.

కూలి చేయువారి సంగతి

నడువుమను మాట అందరికి ఒకేరీతిగా చెప్పదగినది కూడ కాదు. ప్రొద్దున్న లేచినది మొదలు నాట్లు వేయుచు, కలుపు తీయుచు, కట్టెలు మోయుచునుండు మన సహోదరికి నడక కొరత లేదు. ఆమెకు కొరతయైనది తిండి, నిద్ర, కూలి పోయిన దినముల డబ్బు. కడుపు నిండని కష్టము సాధన కాదు. అది కండను పెంచదు, కరగించును. మాంట్రియాలు వైద్యులు దేహపు బరువులో ఒక్కొక్క కిలోకు దినమునకు 1.2 గ్రాముల మాంసకృత్తులు అందవలెనని లెక్కవేసిరి. 50 కిలోల మనిషికి అది 60 గ్రాములగును. ఒక కోడిగ్రుడ్డులో సుమారు 6 గ్రాములు, నూరు గ్రాముల పెసరపప్పులో సుమారు 24 గ్రాములు ఉండును. గంజియు పచ్చడియు మాత్రమే ఉన్న ఇంటిలో ఈ లెక్క ఎట్లు కుదురును?

ఇక్కడ సంఘము చేయగలిగిన పని కలదు. మన స్త్రీల సమాజములు పిడికెడు బియ్యము తీసిపెట్టు అలవాటు ఇంకను చాల చోట్ల ఉన్నది. ఆపరేషను తారీఖు వచ్చిన ఇంటికి ఆ నాలుగు వారములు బియ్యముతో పాటు పప్పు, గ్రుడ్లు, పాలు అందునట్లు చూచుట ఎంత భారము? పప్పు తినినయెడల గాయము చీము పట్టునని పల్లెలలో అనుట కలదు. అది నిజము కాదు. గాయము మానుటకు కావలసినదే పప్పులో ఉన్నది. డాక్టరుగారు వద్దన్నది తప్ప, మనకు మనమే పథ్యము పెట్టి రోగిని ఎండగట్టరాదు.

ఉపవాస ప్రార్థననుగూర్చియు ఒక మాట. రోగి నిమిత్తము సంఘము ఉపవాసముండుట మంచిదే. అయితే ఆ దినములలో రోగి తానును ఉపవాసముండి కండ పోగొట్టుకొనుట తగదు. ఉపవాసము మనము చేయుదము. అతడు భుజించును గాక. అతని భోజనమును ప్రార్థనలో భాగమే.

చేయదగినది

ఇవన్నియు డాక్టరుగారి నడిగి చేయవలసినవి. తారీఖు చెప్పిన దినముననే, ఎంత నడువవచ్చును, ఏమి తినవలెను, ఏ గుర్తు కనబడినయెడల ఆపవలెను అని అడుగుట రోగి హక్కు. ఎముకలకు వ్యాధి ప్రాకినవారు, గుండెనొప్పి గలవారు, రక్తము మిక్కిలి తక్కువైనవారు, ప్రేగు మూసికొనిపోయి తినలేనివారు అడుగకుండ ఏమియు మొదలుపెట్టరాదు. బలము వచ్చువరకు ఆగుదమని ఎవరంతట వారు ఆపరేషనును వాయిదా వేసికొనరాదు.

సాధారణముగా వైద్యులు చెప్పునది సులభమైనదే. మాటలాడగలిగి, కీర్తన మాత్రము పాడలేనంత ఆయాసము వచ్చు వేగముతో నడచుట. చేతులు ఆనించక కుర్చీమీదనుండి పలుమారులు లేచి కూర్చుండుట. లోతుగా శ్వాస తీసికొని విడుచుట. చుట్ట, బీడీ, అడ్డపొగ త్రాగువారు వెంటనే మానవలెను. ఆపరేషనుకు 4 వారములు ముందుగా పొగ మానినవారికి ఊపిరితిత్తుల చిక్కులును గాయపు చిక్కులును తగ్గునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తెలియజేసినది. నాలుగు వారములు ఉన్నవారికి ఇది అందుబాటులోనున్న గొప్ప మేలు.

సంఘ పెద్దలను మేము వేడుకొనునది ఇది. ఎవరికైనను ఆపరేషను తారీఖు వచ్చినదని వినినప్పుడు ప్రార్థనతో పాటు మూడు సంగతులు నిర్ణయింపుడి: సాయంకాలము రోగితో ఎవరు నడచుదురు, ఇంటికి ఆహారము ఎవరు చేర్చుదురు, రాత్రి భయము పుట్టినప్పుడు ప్రక్కన ఎవరు కూర్చుందురు. ఇందులో ఏదియు డబ్బున్న సంఘములకే చెందినది కాదు.

ఇంత చేసినను కొందరు తిరిగి రాకపోవచ్చును. కొందరికి కోసి చూచి ఇక చేయదగినది లేదని మూసివేయుదురు. అప్పుడు ఆ వారములు వ్యర్థమైనవా? కావు. ఒక మనిషి తన చివరి బలమును వాడుకొనుచు, ఒంటరిగా కాక సహోదరుల నడుమ గట్టుమీద నడిచెను. ఆకలిగొన్న ఇల్లు తినెను. భయపడిన రాత్రులలో ఒకడు ప్రక్కన కూర్చుండెను. ఆపరేషను ఎట్లు ముగిసినను ఈ సంగతులు జరిగినవే, వీటిని ఎవరును కొట్టివేయలేరు. బలము ఇచ్చువాడు ఆ నడచువానికిని, ప్రక్కన నడచువానికిని దానిని అనుగ్రహించును గాక.